మూడున్నర గంటలు ముందు

బండి ఓడ దిగి ఏడాదిన్నర.
కస్టమ్స్ వేలంలో ఎవరూ చెయ్యెత్తకపోతే
అర్జిల్లి కొర్లమ్మ ఎత్తింది.
వెనక ఐసుపెట్టె ఉందా లేదా, అదొక్కటే చూసింది.
మిగతాదంతా నా నెత్తిన పడింది,
కంచరపాలెం మెట్టు దగ్గర, నా రేకుల షెడ్డులో.

తాళం తిప్పగానే ఒక ఆడగొంతు.
మెత్తగా, తొందర లేకుండా, ఒకే మాట.
మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే.
మా కుర్రాడు గురునాయుడు
చేతులు కడుక్కుని వచ్చి మరీ విన్నాడు.
"ఏదో దండకంలాగుంది గురువుగోరూ!"

ఇరవై ఎనిమిదేళ్ళుగా వైర్లు చదువుతున్నాను.
ఎరుపంటే ప్రాణం, నలుపంటే నేల.
ఇక్కడ గులాబీ మీద వెండి చుక్కలు,
లేతాకుపచ్చ మీద సన్నటి నారింజ గీత,
ఒక్కో ప్లగ్గూ పసిపిల్ల పన్నంత.
పరాయి ఇంట్లో, చీకట్లో, స్విచ్చు తడుముకున్నట్టు
మూడు రోజులు.

మ్యాపు తెరిస్తే నీలం. అంతా నీలం.
మధ్యలో ఒక బాణం గుర్తు. అది మేమే.
దాని లెక్కలో మెట్టు లేదు, రైలు గేటు లేదు,
యారాడ కొండ అసలు పుట్టనే లేదు.
రేడియో తొంభై దగ్గర ఆగిపోతుంది,
మనవాళ్ళు తొంభై దాటాకే గొంతు విప్పుతారు.
మధ్యలో డబ్బా ఒకటి అతికించాను.
హారన్ నొక్కితే
పెద్దల ముందు దగ్గినట్టు చిన్న చప్పుడు.
దాంతో జగదాంబ జంక్షన్ దాటడం అయ్యే పనేనా?
లారీ హారన్ బిగించాను.
మొదటిసారి మోగినప్పుడు బండి తానే ఉలిక్కిపడింది.

టైర్లు జలీల్ చూశాడు.
బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది.
"మంచులో నడిచే రబ్బరు భాయ్ ఇది.
మే నెలలో ఎన్‌ఏడీ కాడ తారేదో టైరేదో తెలీదు."
ఆ కొలత ఊళ్ళో దొరకలేదు.
ఒక సైజు పెద్దది వేస్తే మలుపులో మడ్‌గార్డుని గీరింది.
సుత్తితో అంచు లోపలికి మడిచాడు.
ఇప్పుడు ముల్లు అరవై అంటే అరవై రెండనుకోవాలి.
చిన్న అబద్ధం,
ముందే చెప్పుకున్న అబద్ధం.

హార్బరు గాలి సంగతి నాకు తెలుసు,
రాగిని ఆర్నెల్లలో పచ్చటి పొడి చేసేస్తుంది.
ప్రతి ప్లగ్గుకీ వాసెలిన్ పూశాను,
చలికి పగిలిన పెదాలకి పూసినట్టు.

ఆ గొంతు సంగతి చివర్లో తేలింది.
జపాను ఓడల్లో వంట చేసొచ్చిన మల్కాపురం విక్టరు
టీ గ్లాసుతో వచ్చి, ఒకసారి విని, నవ్వీ నవ్వీ
"టోల్ గేటు కార్డు పెట్లేదంటందిరా" అన్నాడు.
గురునాయుడి మొహం మాడిపోయింది.
వారం రోజులు తలొంచుకుని విన్నాడు పాపం.
కొర్లమ్మ మాత్రం,
"అక్కడా డబ్బులేనేటి అడుగుతాది?
తీసీ బావూ, నాకు అగనంపూడి గేటోళ్ళు సాలు."
గులాబీ వైరు కోశాను.
షెడ్డు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

గడియారం ఒక్కటీ లొంగలేదు.
ఆ అక్షరాల మెట్లు దిగీ దిగీ
ప్రతిసారీ ఎక్కడో తప్పిపోయేవాణ్ణి.
మన టైముకి మూడున్నర గంటలు ముందే ఉండిపోయింది.
రెండొందలు తగ్గించుకో అమ్మా అన్నాను.
ఆవిడ తెర కేసి కాసేపు చూసింది.
"రేత్రి రెండున్నరకి లెగుస్తాను. పేటంతా పడుకునుంటాది.
అప్పుడిది ఆరంటాది, అంతేనా?
ఉండనీ.
ఎక్కడో ఓ కాడ తెల్లారినట్టే కదా."
రెండొందలు మాత్రం తగ్గించుకునే ఇచ్చింది.

మొన్న ఫ్యూజు మార్చడానికి జెట్టీకి వెళ్ళాను.
పాత టైర్లు నాలుగూ
కొర్లమ్మ తమ్ముడి బోటు పక్కన తాళ్ళకి వేలాడుతున్నాయి.
బోటు గోడకి ఒరిగినప్పుడల్లా
మెత్తగా నలిగి, మెత్తగా లేస్తున్నాయి.
మంచుని పట్టుకోవడానికి కోసిన
ఆ సన్నటి గాట్ల నిండా
ఉప్పు, తెల్లగా.